ట్రిగ్గర్ నొక్కకముందే మాంసం సంగతి తేల్చుకోవాలి

అలాస్కాలో సెప్టెంబరులో వేటలో ఒక మగ మూస్ (జింక జాతిలోని భారీ జంతువు) పడిందంటే ఇద్దరు మనుషుల ముందు సుమారు 225 కిలోల తినే మాంసం ఉన్నట్టు. ఎముకతో తూస్తే ఇంకా ఎక్కువే. ఐసు లేదు, రోడ్డు లేదు. దించి వెళ్లిన చిన్న విమానం మూడు రోజుల్లో వస్తానంటుంది, పొగమంచు కమ్మితే ఆరు రోజులైనా రాదు. అదే లోయలో గ్రిజ్లీ ఎలుగులు చలికాలం నిద్రకి ముందు కొవ్వు పోగేసుకుంటూ పగలూ రాత్రీ తిండి వెతుక్కుంటూ ఉంటాయి.

ఈ పరిస్థితిలో మాంసం ఎలా దాచాలని అడిగేవాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంత ఎత్తున కట్టాలి?" అంటే వాళ్ల భయమంతా ఎలుగు గురించే. ఎలుగు రావచ్చు, రాకపోవచ్చు. వేడి మాత్రం ఎక్కడి నుంచో రానక్కర్లేదు, ఆ మాంసం లోపలే ఉంది. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వేడి పోవాలంటే మాంసాన్ని గాలికి ఆరబెట్టాలి. గాలికి పెడితే వాసన లోయంతా పాకుతుంది. వాసన దాచాలని మూటకట్టి పెడితే తెల్లారేసరికి మురిగిపోతుంది. ఈ రెండిటికీ సర్దుబాటు చేసేది తాడూ కాదు, సంచీ కాదు, మూస్ పడిన చోటు. ఆ చోటు మన చేతిలో ఉండేది తూటా పేలకముందు వరకే. ఆ తర్వాత చేసేదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ముందుగా ఒక మాట. ఇదంతా అలాస్కా, వయోమింగ్, మోంటానా లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని చేసే వేట గురించి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, ఆ మాంసం దగ్గర ఉంచుకోవడమూ నేరమే. అమెరికాలో ఉంటూ ఈ దారిలోకి వస్తున్న తెలుగువాళ్లు వీసాను బట్టి తుపాకీకి, గైడుకి ఉండే నియమాలు వేరని తెలుసుకుని, వాటి సంగతి ముందు చూసుకోవాలి.

ఇక లెక్క. మూస్‌ను ఎముకతో మోస్తే మనిషికి 35 నుంచి 45 కిలోల చొప్పున ఏడెనిమిది మోతలవుతాయి. క్యాంపు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉంటే, టండ్రాలో (చెట్లు పెరగని చలి నేలలో) ఊగే గడ్డి దిబ్బల మీద కాలు పెడుతూ తీస్తూ ఒక్క రానూపోనూకి రెండు గంటలు పడుతుంది. తలా నాలుగు మోతలంటే ఎనిమిది గంటలు. తోలు ఒలిచి ముక్కలు చేయడానికి అలవాటున్న ఇద్దరికి నాలుగైదు గంటలు. సాయంత్రం ఐదింటికి మోకాలి లోతు బురదలో నిలబడి కనిపించిన మూస్ ఎంత పెద్ద కొమ్ములదైనా ఈ లెక్కలో ఇమడదు. దాన్ని కొట్టారంటే రాత్రంతా మాంసం పేగుల పక్కనే, చీకట్లో, నీళ్లలో పడి ఉంటుంది. నా దృష్టిలో అది వదిలేయాల్సిన మూస్. గడ్డ మీద, నదీ తీరపు రాళ్ల మేట దగ్గర, పొద్దున పదింటికి కనిపించిన చిన్న మూస్ దానికంటే మంచి వేట.

చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. అలాస్కాలో మూస్ పడితే ముందు కాళ్లు మోకాలి దాకా, వెనక కాళ్లు మడమ కీలు దాకా, మెడ, బోర, పక్కటెముకల మాంసం, వెన్ను వెంట ఉన్న కండ, అంతా బయటికి తేవాల్సిందే. వెనక కాళ్ల మాంసం కూడా తేకుండా వదిలేస్తే కనీసం ఏడు రోజుల జైలు, 2,500 డాలర్ల జరిమానా. కొమ్ములు మాంసం కంటే ముందు కదలకూడదు, ఆఖరి మోతతోనే రావాలి. ఇంత కఠినమైన నియమం ఉండటం నాకు నచ్చుతుంది. కొమ్ముల కోసం కొట్టి మాంసం కుళ్లబెట్టడం కంటే హీనమైన పని వేటలో ఇంకోటి లేదు.

పడగానే పని గడియారంతో పోటీ. మూస్ ఒంటి లోపలి వేడి 38, 39 డిగ్రీలు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, అనువైన వెచ్చదనంలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. దాని వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, మైనస్ 40లో కూడా ఒంటి వేడిని పోనివ్వకుండా ఆపడానికే పుట్టిన తోలు అది. చచ్చాక కూడా తన పని తాను చేస్తూనే ఉంటుంది. కింద నాచు మెత్తలా ఉంటే అటువైపు వేడి అసలు కదలదు. ముందు పాడయ్యేది వెనక తొడలో, తుంటి కీలు గుండ్రంగా కూర్చునే చోట. అక్కడ కండ అన్నిటికంటే మందం. పైన చేయి పెడితే చల్లగా తగులుతుంది, లోపల ఎముక చుట్టూ పులిసిపోతూ ఉంటుంది. అందుకే గంటలోపు తోలు వదలాలి, తొడలు ఒంటి నుంచి విడిపోవాలి. ఎండ కాస్తున్న రోజైతే తొడ లోపలి వైపు నుంచి ఎముక వెంబడి, ఎముక తగిలేదాకా ఒక గాటు పెట్టి తెరిచి ఉంచాలి. ఆ గాటు వల్ల కాస్త మాంసం ఎండి పోతుంది. పోనివ్వండి.

పొట్ట చీల్చకుండా కోసే పద్ధతి ఎలుగుల ప్రాంతానికి బాగా నప్పుతుంది. పక్కకి పడుకోబెట్టి వెన్ను మీద నుంచి తోలు కిందికి ఒలవాలి. ముందు జబ్బకి ఎముక కీలు ఉండదు, కండలు తెగితే చాలు ఊడి వస్తుంది. వెనక తొడని తుంటి కీలు దగ్గర విడదీయాలి. తర్వాత వెన్ను కండ, మెడ, పక్కటెముకల మాంసం. అటు తిప్పి మళ్లీ ఇదే పని. లోపలి మెత్తటి కండల్ని చివరి పక్కటెముక వెనక చిన్న కోత పెట్టి ఆఖర్న తీయాలి. పేగులు ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి చేతులకీ, కత్తికీ, బట్టలకీ పేడ అంటదు, రక్తం తక్కువ పారుతుంది. పని జరుగుతున్నంత సేపూ ఇద్దరిలో ఒకరు కోయాలి, ఒకరు నిలబడి చుట్టూ చూడాలి. ఇద్దరూ వంగి కోస్తే పని అరగంట ముందు అయిపోతుందేమో గానీ వెనక నుంచి ఏం వస్తోందో ఎవరికీ తెలియదు.

ఎముకతో ఉంచాలా, తీసేయాలా అన్నది పాత వివాదం. అలాస్కాలో కొన్ని ప్రాంతాల్లో కాళ్లు, పక్కటెముకల మాంసం అడవి దాటేదాకా ఎముక మీదే ఉండాలని నియమం. బరువు పెంచే పిచ్చి నియమమని తిట్టుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎముక ఉంటే తొడ తన ఆకారంలో వేలాడుతుంది, చుట్టూ గాలి ఆడుతుంది. ఎముక తీసిన మాంసం సంచిలో ముద్దగా కూర్చుంటుంది, నడిమి ముక్కలు రెండో రోజుకీ గోరువెచ్చగానే ఉంటాయి. పైగా ప్రతి కోతా సూక్ష్మజీవులకి కొత్త నేల. వయోమింగ్‌లో పది కిలోమీటర్లు వీపు మీద మోయాల్సిన ఎల్క్ (మూస్ కంటే చిన్నదైన పెద్ద జింక) అయితే ఎముక తీయక తప్పదు. అప్పుడు సంచికి 10, 12 కిలోలకి మించకుండా వేసి, మొదటి రాత్రి కొమ్మల మీద పలచగా పరిచి ఉంచాలి.

మన ఇళ్లలో ఉప్పుకండ పట్టడం చూసినవాళ్లకి తర్వాతి మెట్టు చెప్పనక్కర్లేదు. దండెం మీద వేలాడే ముక్క మీద కొన్ని గంటల్లో చేతికి అంటని గట్టి పొర కడుతుంది కదా, అడవిలో కూడా కావాల్సింది అదే పొర. ఉప్పూ పసుపూ లేకపోయినా నీడలో, గాలిలో, తడి తగలకుండా ఉంటే ఒక రాత్రిలో ముదురు ఎరుపు రంగులో, అట్టలా వస్తుంది. అది వచ్చాక ఈగ గుడ్డు పెట్టాలన్నా తేమ దొరకదు, సూక్ష్మజీవులకీ పట్టు దొరకదు. అయితే ఉప్పుకండ వేలెడు మందం, మూస్ తొడ 45 నుంచి 65 కిలోలు. పైపొర ఆరింది కదా అని లోపల చల్లారినట్టు కాదు. కొలిచే థర్మామీటర్ ముల్లు ఎముక దాకా దించి చూడటం ఒక్కటే నమ్మదగిన దారి.

అందుకే ప్లాస్టిక్ కవర్ పేరెత్తితేనే నాకు కోపం. నల్ల చెత్త సంచిలో వేసిన వేడి మాంసం తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. కావాల్సింది గాలి ఆడే గట్టి గుడ్డ సంచి. ఒక మూస్‌కి ఎనిమిది నుంచి పది పడతాయి, ఇంకో నాలుగు విడిగా ఉంచుకోవాలి. మొదటి సంచి రక్తంతో తడిసిపోతుంది. తడిసిన గుడ్డలోనే ఉంచితే పొర కట్టదు, ఈగలూ ముసురుతాయి. మర్నాడు సంచి మార్చి, పాతది వాగులో ఉతికి ఆరేయాలి. ఉతికేది సంచినే, మాంసాన్ని కాదు. పేగుల మురికి అంటిన చోట నీళ్లు పోస్తే ఆ మురికి ఇంకా పాకుతుంది, ఆ మేరకు కోసి తీసేయాలి. పగలు 18, 20 డిగ్రీలు దాటి నీడలో కూడా చల్లారకపోతే మాత్రం ప్లాస్టిక్‌కి ఒక చోటుంది: మందమైన సంచిలో నీరు చొరకుండా కట్టి చల్లటి వాగులో కొన్ని గంటలు ముంచి, తీసిన వెంటనే విప్పి, తుడిచి, గాలికి వేలాడదీయాలి.

ఈగల సంగతి క్లుప్తంగా. లీటరు నీళ్లలో 60 నుంచి 90 గ్రాముల సిట్రిక్ యాసిడ్, అంటే మనం నిమ్మ ఉప్పు అనేదే, కలిపి పొర కడుతున్న మాంసం మీద పలచగా చల్లితే ఉపరితలం పుల్లబడి సూక్ష్మజీవులు తగ్గుతాయి, ఈగలకీ నచ్చదు. మిరియాల పొడి కూడా కొంత పనిచేస్తుంది. గుడ్లు పెట్టేది మడతల్లో, ఎముక చివర్లో, తూటా తగిలిన చోట. చూడటానికి కొబ్బరి కోరు అంటించినట్టు తెల్లగా గుత్తులుగా ఉంటాయి. ఆ రోజే కత్తితో గీకేస్తే పోయేదేమీ లేదు, మర్నాటికి పురుగులవుతాయి.

ఇప్పుడు ఎలుగు. రాకీ పర్వతాల అడవుల్లో అటవీ శాఖ ఆదేశాల్లో ఉండే కొలత 10 అడుగుల ఎత్తు, పక్కనున్న మాను నుంచి 4 అడుగుల ఎడం. దీన్ని చదివి 10 అడుగుల ఎత్తులో దూలం కట్టేవాళ్లు చాలామంది. కొలత సంచి కింది అంచు నుంచి. తొడ పొడవే నాలుగడుగులు, తాడు ముడికి ఇంకో అడుగు. దూలం 15, 16 అడుగుల మీద ఉండాలి. పారాకార్డ్ అనే సన్నటి నైలాన్ తాడు బరువు మోస్తుంది గానీ చేతులు కోస్తుంది, కొమ్మ మీద ఒరుసుకుని తెగుతుంది. 8 నుంచి 10 మిల్లీమీటర్ల సాగని తాడు, రెండేసి చక్రాల కప్పీల జత ఉంటే 40 కిలోల ఎల్క్ తొడని ఒక మనిషి ఎత్తగలడు. తాడు కట్టిన మొదలు ఎలుగు నోటికి అందితే కొరికి కింద పడేస్తుంది, దాన్నీ పైకే కట్టాలి. నల్ల ఎలుగు చెట్టెక్కుతుంది కాబట్టి 4 అడుగుల ఎడం అలంకారానికి పెట్టింది కాదు.

కానీ ఈ కొలత పుట్టింది చెట్లున్న చోట, ఎల్క్ కోసం. పశ్చిమ అలాస్కా టండ్రాలో నడుం ఎత్తు విల్లో పొదలే దిక్కు. 60 కిలోల మూస్ తొడని 10 అడుగులు ఎత్తే మాను అక్కడ లేదు. అక్కడ ఎత్తు గురించి ఆలోచించడం మానేసి దూరం, చూపు, కరెంటు గురించి ఆలోచించాలి. పేగులూ తోలూ పడి ఉన్న చోటి నుంచి మాంసాన్ని అదే రోజు కనీసం 100 గజాలు, వీలైతే 300 గజాలు జరపాలి. నా మట్టుకు ఇది ఎత్తు కంటే ముఖ్యం. ఎలుగు ముందు పోయేది పేగుల దగ్గరికే, అక్కడ తిని కడుపు నిండితే మన మాంసానికి కొంత వ్యవధి దొరుకుతుంది. పడుకునే గుడారం మాంసానికి ఇంకో 100 గజాలకి పైగా దూరంలో ఉండాలి, గాలి మాంసం మీదుగా గుడారం వైపు వీచకుండా చూసుకోవాలి. మాంసం పెట్టే చోటు పొదలు లేని తెరపగా ఉండాలి. దాచిపెట్టాలన్న బుద్ధి ఇక్కడ మనకే చేటు. పొదల్లో దాచిన మాంసం మీద ఎలుగు ఉందో లేదో పది అడుగుల దగ్గరికి వెళితే గానీ తెలియదు.

విల్లో కొమ్మలు అడ్డంగా పేర్చి, నేలకి అడుగు ఎత్తున గాలి కిందనుంచి ఆడేలా మంచె వేసి దాని మీద ముక్కలు ఒకదానికొకటి తగలకుండా ఉంచాలి. పైన టార్పాలిన్ వాన తగలకుండా వాలుగా, మాంసానికి రెండు మూడడుగుల పైన కట్టాలి. టార్పాలిన్ మాంసాన్ని ముట్టుకుందంటే ప్లాస్టిక్ సంచికీ దానికీ తేడా లేదు.

ఆ మంచె చుట్టూ విద్యుత్ కంచె వేస్తే అంతకి మించిన రక్షణ లేదని నా నమ్మకం. వైపుకి 8 మీటర్ల చదరం వచ్చే మోసుకెళ్లే కంచె రెండు కిలోల లోపే ఉంటుంది, లావు బ్యాటరీలు రెండు చాలు. పనిచేయకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ రెండే. ఒకటి, తడి గడ్డి తీగకి తగిలి కరెంటు నేలలోకి పోతుంది. కంచె కింద గడ్డి మొదలంటా కోయాలి. రెండు, రాళ్ల మేట మీదో గడ్డకట్టిన నేలలోనో ఎర్త్ సరిగ్గా దొరకదు. ఎలుగు తీగని తాకినా కరెంటు తిరిగొచ్చే దారి ఉండదు. అలాంటి చోట ఒక తీగ కరెంటు, దాని పక్క తీగ ఎర్త్, మళ్లీ కరెంటు, ఇలా మార్చి మార్చి కట్టాలి. రెండు తీగలు ఒకేసారి తగిలితే నేలతో పని లేకుండా షాక్ కొడుతుంది. టెస్టర్‌తో చూస్తే 5,000 వోల్టులకి పైన చూపించాలి. ఎలుగు బొచ్చు మందం, షాక్ తగిలేది ముక్కుకీ మూతికీ. అందుకే తీగలు ముక్కు వెతికే ఎత్తుల్లో ఉండాలి, మాంసం తీగకి పంజా అందనంత లోపలికి ఉండాలి.

బేర్ స్ప్రే (ఎలుగు మీద పడితే కొట్టే మిరప ఘాటు డబ్బా) గురించి ఒక దురభిప్రాయం బతికే ఉంది: మాంసం చుట్టూ చల్లితే ఎలుగు రాదని. అది ముఖం మీద కొట్టినప్పుడే పనిచేస్తుంది. నేల మీద ఎండిన మిరప వాసన ఎలుగుని ఆకర్షిస్తుంది. డబ్బా నడుముకి ఉండాలి, వీపు సంచిలో కాదు.

మాంసం దగ్గరికి తిరిగి వెళ్లడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం. 2018 సెప్టెంబరులో వయోమింగ్‌లోని టీటన్ విల్డర్‌నెస్‌లో, ముందు రోజు బాణంతో కొట్టిన ఎల్క్‌ని మర్నాడు వెతికి కోస్తున్న ఒక గైడు మీద పిల్లతో ఉన్న గ్రిజ్లీ పడి చంపింది. అతని దగ్గర స్ప్రే ఉంది, వాడాడు కూడా. పిస్తోలు మాత్రం కాస్త దూరాన, విప్పి పెట్టిన సంచుల దగ్గర ఉంది. 2020 సెప్టెంబరులో అలాస్కాలోని రాంగెల్-సెయింట్ ఎలయాస్ పార్కులో మూస్‌ని కోస్తున్న వేటగాడు గ్రిజ్లీ దాడిలో చనిపోయాడు. 1980లో ఆ పార్కు ఏర్పడ్డాక ఎలుగు దాడిలో తెలిసినంతలో అదే మొదటి మరణం. ఇద్దరూ అడవి తెలియనివాళ్లని అనుకోవడం తప్పు. కోసే మనిషి తల వంచుకుని ఉంటాడు, చేతులు రక్తంలో ఉంటాయి, చెవికి కత్తి చప్పుడే వినిపిస్తుంది.

అందుకే మర్నాడు 300 గజాల అవతలే ఆగి, బైనాక్యులర్‌తో పావుగంటైనా చూడాలి. నిన్న పెట్టినట్టే ఉందా? కాకులు మాంసం మీద వాలి తింటున్నాయా, లేక చెట్ల మీద కూర్చుని కిందికి చూస్తూ అరుస్తున్నాయా? రెండోదైతే కింద ఏదో ఉంది. నాచు, మట్టి, కొమ్మలు పీకి కుప్పగా కప్పి ఉంటే ఎలుగు దాన్ని తనదిగా దాచుకుంది, దగ్గర్లోనే పడుకుని ఉంటుంది. ఏదీ కనిపించకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ, తెరప వైపు నుంచి, ఇద్దరూ కలిసే వెళ్లాలి.

ఎలుగు ఆక్రమించిన మాంసాన్ని వదిలి వెనక్కి రావాలి, వచ్చి అధికారులకి చెప్పాలి. ఇది పిరికితనమని తుపాకీ భుజాన ఉన్నవాళ్లకి అనిపిస్తుంది. అలాస్కాలో ప్రాణరక్షణకి ఎలుగుని చంపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ మాంసం మీదే బతుకు ఆధారపడి ఉంటే తప్ప, వేటాడిన మాంసాన్ని కాపాడుకోవడానికి చంపితే ఒప్పుకోదు. చంపిన ఎలుగు తోలూ పుర్రే ప్రభుత్వానికి అప్పగించాలి. వయోమింగ్, మోంటానాల్లో గ్రిజ్లీ 1975లో రక్షిత జాబితాలోకి వచ్చిన జంతువు. చట్టం అటుంచినా, మనం నిర్లక్ష్యంగా పెట్టిన తిండిని తినడానికి వచ్చినందుకు ఒక ఎలుగు చావడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఒకసారి మనిషి క్యాంపులో మాంసం దొరికిన ఎలుగు మళ్లీ వస్తుంది. మన తర్వాత అక్కడ గుడారం వేసేవాళ్ల దగ్గరికి వస్తుంది.

విమానం కోసం ఎదురుచూసే రోజుల్లో చేయాల్సినవి చిన్న పనులే, మానేస్తే మాత్రం నష్టం పెద్దది. పొద్దునా సాయంత్రం ముక్కలు తిప్పాలి, తడి చోట్లు పొడి గుడ్డతో తుడవాలి, కంచె వోల్టేజి చూడాలి. వానకి తడి ఆరకపోతే గాలి వచ్చే వైపు ఆల్డర్ కట్టెల పొగ పెడితే ఈగలు తగ్గుతాయి, వేడి తగలకూడదు, పొగ మాత్రమే. ఆకాశం మబ్బు పట్టేలా ఉంటే శాటిలైట్ మెసెంజర్‌తో పైలట్‌కి ముందే కబురు పెట్టి, మనుషుల కంటే ముందు మాంసం ట్రిప్పు వేయమనాలి. చాలామంది పైలట్లు కాదనరు, సంచుల నుంచి రక్తం కారకుండా ఉంటే చాలంటారు.

ఎక్కించే ముందు ప్రతి తొడ తుంటి కీలు దగ్గర సన్నటి కత్తి మొన ఎముక దాకా దించి, బయటికి తీసి వాసన చూడాలి. మంచి మాంసానికి పచ్చి నీచు వాసన, కాస్త ఇనుము వాసన ఉంటుంది. పులిసిన వాసన వచ్చి, కోసి చూస్తే ఎముక పక్కన బూడిద రంగో పచ్చదనమో కనిపిస్తే, ఆ భాగాన్ని చుట్టూ మంచి మాంసం తగిలేదాకా లోతుగా కోసి తీసేయాలి, మళ్లీ వాసన చూడాలి. ఆ కత్తిని కడగకుండా ఇంకో తొడలోకి దించకూడదు.